పాటల పంచాంగంలో జులై 29

జులై 29న ప్రపంచంలో పాటకు సంబంధించిన సంగతులు చాలానే జరిగాయి. 1856లో జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కన్నుమూశాడు. 1925లో గ్రీకు స్వరకర్త మికిస్ థియోడొరాకిస్ పుట్టాడు. 1965లో లండన్‌లో బీటిల్స్ సినిమా తెరకెక్కింది. 1966లో అమెరికాలో బాబ్ డిలన్ మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడు. తెలుగువాళ్లు ఈ తేదీ కింద మొదట రాసుకోవాల్సిన ఊరు మాత్రం వేములవాడ పక్కనున్న హనుమాజీపేట. 1931లో అదే రోజున అక్కడ సింగిరెడ్డి నారాయణరెడ్డి, అంటే మన సినారె, పుట్టారు. ఒక తేదీన ఇంతమంది కలవడం కాకతాళీయమే. కానీ వీళ్లలో ఎక్కువమంది కవిత పొలానికీ పాట పొలానికీ మధ్య గట్టును ఒప్పుకోనివాళ్లు. అందుకే ఈ తేదీని వరసగా చదివితే పాట సాహిత్యంలోకి నడిచివచ్చిన దారి కనిపిస్తుంది.

షూమన్ చనిపోయింది బాన్ నగరం దగ్గరి ఎండెనిక్ మానసిక చికిత్సాలయంలో. వయసు 46. అంతకు రెండేళ్ల ముందు రైన్ నదిలో దూకితే పడవవాళ్లు కాపాడారు. తర్వాత తనంతట తానే అడిగి చికిత్సాలయంలో చేరాడు. అతని జీవితంలో పాటల ఏడాది 1840. క్లారాను పెళ్లాడిన ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 140 పాటలు కట్టాడు. హైన్‌రిష్ హైనె కవితలు 16 తీసుకుని ఒక మాలగా గుచ్చింది అప్పుడే. జర్మన్ మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చిన కాలమది. అచ్చయిన పాటలు కొనుక్కుని ఇంట్లో కూర్చుని పాడుకునేవారు. షూమన్ పద్ధతిలో మాట ముందు, బాణీ వెనక. కవిత ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ పాట ఆగుతుంది. గొంతు ముగించాక కూడా పియానో ఆ భావాన్నే కాసేపు తలుచుకుంటూ ఉంటుంది. తెలుగు సినిమా పాటలో ఈ వరస చాలాసార్లు తిరగబడింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

1916లో టెక్సస్‌లోని బోనమ్‌లో చార్లీ క్రిస్టియన్ పుట్టాడు. జాజ్ బ్యాండులో వెనక కూర్చుని తాళం నింపే గిటారుకు కరెంటు తోడు చేసి ముందువరసకు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. క్షయతో 25 ఏళ్లకే పోయాడు. తర్వాత వచ్చిన రాక్ సంగీతమంతా అతనికి కొంత బాకీ.

థియోడొరాకిస్ దగ్గర కాస్త ఆగాలి. అతని పాట వెనక ఒక ఫొటో ఉంది. 1936 మేలో థెస్సలొనీకీలో పొగాకు కార్మికుల సమ్మె మీద కాల్పులు జరిగాయి. నడివీధిలో కొడుకు శవం మీద వంగి ఏడుస్తున్న తల్లి బొమ్మను పత్రికలో చూసి కవి యాన్నిస్ రిత్సోస్ ‘ఎపితాఫియోస్’ అనే దీర్ఘ కవిత రాశాడు. ఆనాటి నియంత ప్రభుత్వం దాని ప్రతుల్ని తగలబెట్టించింది. 22 ఏళ్ల తర్వాత, 1958లో, పారిస్‌లో ఉన్న థియోడొరాకిస్ ఆ కవితకు బాణీలు కట్టాడు. పాడటానికి గ్రిగోరిస్ బిథికోట్సిస్ అనే జనం గాయకుణ్ణి, వాయించడానికి బుజూకీని ఎంచుకున్నాడు. పెద్దమనుషుల దృష్టిలో బుజూకీ తాగుడు కొట్లలో మోగే వాయిద్యం. మహాకవి కావ్యాన్ని సభలో ఒగ్గుడోలు మీద పాడిస్తే మన పండితులు ఏమనేవారో ఊహిస్తే ఏథెన్స్‌లో లేచిన వాదం తీరు అర్థమవుతుంది. ఆ వాదంలో చివరికి గెలిచింది డోలే, అంటే బుజూకీయే. 1964లో ఒడిస్సియాస్ ఎలీటిస్ కావ్యం ‘ఆక్సియోన్ ఎస్తీ’ కూడా అతని చేతిలో పాటైంది. ఎలీటిస్‌కు నోబెల్ వచ్చింది ఆ తర్వాత 15 ఏళ్లకు, 1979లో. జనం అప్పటికే ఆ కావ్యాన్ని పాడుకుంటున్నారు.

1967 ఏప్రిల్ 21న గ్రీసులో సైన్యం గద్దెనెక్కింది. జూన్ 1న 13వ నంబరు సైనిక ఉత్తర్వు వచ్చింది. థియోడొరాకిస్ పాటలు పాడటమే కాదు, వినడం కూడా నేరమని దాని సారాంశం. అతణ్ణి జైల్లో పెట్టారు, కొండల్లో ఒక పల్లెకు పంపి కాపలా పెట్టారు, 1970లో దేశం వదిలి వెళ్లనిచ్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కవి సెఫెరిస్ అంతిమయాత్ర ఏథెన్స్ వీధుల్లో సాగుతుంటే వెంట నడిచిన జనం సెఫెరిస్ కవితను నిషేధంలో ఉన్న థియోడొరాకిస్ బాణీలోనే పాడారు. పాటగా మారిన కవితను లాక్కోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. అచ్చు ప్రతుల్ని తగలబెట్టినట్టు నోటికొచ్చిన పాటను తగలబెట్టలేరు.

హనుమాజీపేట కథకు అచ్చు పుస్తకం కంటే చెవి ముఖ్యం. మల్లారెడ్డి, బుచ్చమ్మల రైతు ఇంట్లో 1931 జులై 29న సినారె పుట్టేనాటికి ఆ ఊరు నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లాలో ఉంది. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. ఊళ్లో వీధిబడి, సిరిసిల్లలో మిడిల్ స్కూలు, కరీంనగర్‌లో హైస్కూలు. సర్కారు బడిలో చదువు ఉర్దూలో. హైదరాబాద్ వెళ్లి డిగ్రీ దాకా చదివిందీ ఉర్దూ మాధ్యమంలోనే. తెలుగు ఆయనకు హరికథల నుంచి, జంగం కథల నుంచి, పొలం పనుల్లో పాడుకునే పదాల నుంచి వచ్చింది. కంటితో ఉర్దూ, చెవితో తెలుగు నేర్చిన పిల్లవాడు పెద్దయ్యాక రాసిన తెలుగు చెవికి ఇంపుగా ఉండటంలో వింతేమీ లేదు. తెలంగాణలో ఆ తరం చాలామందికి ఇదే చదువు. దాన్ని లోటుగానే చెప్పుకోవడం అలవాటైంది. సినారె విషయంలో మాత్రం అది పెట్టుబడి.

వేములవాడ నేలకు ఛందస్సు కొత్త కాదు. వేములవాడ చాళుక్యుల రాజు రెండో అరికేసరి కొలువులో పంప కవి 941లో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనం దాదాపు 945 నాటిది. కన్నడం, సంస్కృతంతో పాటు అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. తెలుగులో దొరికిన తొలి కందాలుగా వాటిని చెబుతారు. కందానికి ఒక ప్రత్యేకత ఉంది. వృత్తాలు గురులఘువుల వరసతో నడుస్తాయి. కందం నాలుగు మాత్రల గణాలతో నడుస్తుంది. అంటే లెక్క అక్షరాలది కాదు, అవి పలకడానికి పట్టే కాలానిది. గేయానికీ సినిమా పాటకూ లెక్క అదే. బొమ్మలగుట్ట రాతికీ మద్రాసు రికార్డింగ్ థియేటర్‌కూ మధ్య వెయ్యేళ్లు గడిచినా కొలబద్ద ఒకటే. దీన్ని వంశపారంపర్యమని అనడానికి లేదు గానీ ఒకే ప్రాంతంలో ఈ రెండు కొసలూ ఉండటం తలుచుకోదగిన సంగతి.

1954లో ఉస్మానియా నుంచి తెలుగు ఎం.ఏ. పూర్తయ్యేనాటికే సినారె అచ్చులోకి వచ్చారు. 1953లో వచ్చిన ‘నవ్వని పువ్వు’ గేయనాటిక. ఆ తర్వాత ‘నాగార్జునసాగరం’, ‘కర్పూర వసంతరాయలు’ వంటి గేయకావ్యాలు వరసగా వచ్చాయి. కుమారగిరి రెడ్డి, నర్తకి లకుమ కథతో వచ్చిన ‘కర్పూర వసంతరాయలు’ను కళ్లతో చదవడం మొదలుపెట్టినవాళ్లు కాసేపటికి గొంతెత్తుతారు. రేడియో కోసం రాసిన ‘రామప్ప’ సంగీత రూపకం ఆయన మాటను పుస్తకం పట్టనివాళ్ల దగ్గరికీ తీసుకెళ్లింది. సినిమావాళ్లు పిలిచేనాటికే ఆయన పాటల కవి. సినిమా ఆయన్ను పాట వైపు తిప్పలేదు. ఆ పాటకు పెద్ద మైకు ఇచ్చింది.

ఆ మైకు 1962 జనవరి 5న మోగింది. ఎన్.టి.రామారావు నటించిన ‘గులేబకావళి కథ’ ఆ రోజు విడుదలైంది. పాటలన్నీ సినారెవే. కొత్త కవికి ఒక పాట ఇచ్చి చూడటం పరిశ్రమ అలవాటు. ఒక లెక్చరర్‌కు మొదటి సినిమాలోనే పాటలన్నీ ఇవ్వడం రామారావు తీసుకున్న సాహసం. జోసెఫ్, విజయ కృష్ణమూర్తి కట్టిన బాణీల్లో ఘంటసాల, సుశీల పాడిన యుగళగీతం ఆ ఏడాది ఊరూరా తిరిగింది. పల్లెల్లో పిలుపులకు వాడే మాటల్ని రాజుల కథలో ఒదిగించిన పాట అది. అరవై ఏళ్లు దాటినా పాడుతూనే ఉన్నారు. ‘ఆధునికాంధ్ర కవిత్వం: సంప్రదాయాలు, ప్రయోగాలు’ అనే పరిశోధనకు డాక్టరేటు వచ్చింది కూడా 1962లోనే. ఒకే ఏడాది పండితుల పీఠమూ, సినిమా హాలు నేల టికెట్టూ ఆయన్ను తమవాడన్నాయి. ఈ రెండింటిలో ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఆయన ఎన్నడూ చిన్నబుచ్చలేదు. మద్రాసుకు కాపురం మార్చకుండా హైదరాబాద్‌లో పాఠాలు చెబుతూనే పాటలు రాశారు.

సినిమా పాట రాయడంలోని కష్టం బయటివాళ్లకు తెలిసేది తక్కువ. సంగీత దర్శకుడు హార్మోనియం మీద బాణీ వినిపిస్తాడు. దర్శకుడు సందర్భం చెబుతాడు. కవి ఆ తాననాల్లో ఎన్ని మాత్రలున్నాయో, ఎక్కడ దీర్ఘం పడుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో పట్టుకుని మాటలు పొదగాలి. పల్లవి మొదటి పాదంలో మాట తప్పుగా కూర్చుంటే గాయకుడు ఎంత గొప్పవాడైనా ఆ మాట విరుగుతుంది. మాత్రాఛందస్సులో కావ్యాలే రాసిన సినారెకు ఇది చేతికి తెలిసిన పని. ‘బందిపోటు’, ‘అమరశిల్పి జక్కన’, ‘అల్లూరి సీతారామరాజు’, ‘ముత్యాల ముగ్గు’ సినిమాల్లో ఆయన రాసిన పాటలు ఒక్కోటి ఒక్కో తీరు. ‘జక్కన’లో శిల్పి నల్లరాళ్లను చూసి పాడే పాట ఉంది. కథ తెలియకుండా విన్నా అది ఒక కవితలా నిలుస్తుంది. ‘ముత్యాల ముగ్గు’లో రాసింది పూర్తిగా పల్లె నోటి పాట. ఇన్నేసి రాసినవాడికి ఒక అలవాటు మీద మోజు ఉండటం సహజం. సినారెకు అది ప్రాస. ప్రాస కోసం వచ్చిన మాట కొన్ని పాటల్లో భావం కంటే ముందు నడిచింది. మొత్తం మూడు వేలకు పైగా పాటల్లో ఆ లోపం ఉన్నవాటిని పక్కన పెట్టినా మిగిలే రాశి పెద్దది.

1969లో వచ్చిన ‘ఏకవీర’ను ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. నవల విశ్వనాథ సత్యనారాయణది, సినిమాకు మాటలు సినారెవి. తెలుగుకు మొదటి జ్ఞానపీఠం 1970 సంవత్సరానికి విశ్వనాథకు వచ్చింది, రెండోది 1988 సంవత్సరానికి సినారెకు వచ్చింది. ఇద్దరు జ్ఞానపీఠ కవుల పేర్లూ ఒకే తెలుగు సినిమా టైటిళ్లలో ఉన్నాయన్న సంగతి సాహిత్య చరిత్రల్లో ఒక వాక్యమైనా దక్కాల్సినది.

‘ఏకవీర’ తర్వాతి ఏడాది ‘తల్లా పెళ్లామా’ వచ్చింది. అందులో తెలుగు జాతి ఒకటేనని చెప్పే పాట రాసింది సినారె. ప్రత్యేక తెలంగాణ కోసం 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన వేడి అప్పటికి చల్లారలేదు. తెలంగాణలో పుట్టిన కవి కలం నుంచి ఆ పాట రావడం ఈ ప్రాంతంలో చాలామందిని నొప్పించింది. నాలుగున్నర దశాబ్దాల తర్వాత రాష్ట్రం వచ్చింది, పాట చెప్పిన ఐక్యతకు రాజకీయ రూపం పోయింది. అయినా ఆ పాటను ఆయన మీద నేరారోపణగా మిగిల్చడం న్యాయం కాదు. సినిమా పాట ఒక సందర్భానికీ ఒక పాత్రకూ రాసేది. పైగా సినారె తెలుగును ఒక్క భాషగా ప్రేమించిన మాట నిజమే, దాన్ని ఆయన దాచుకోలేదు. ఉద్యమ పాటకు ఆదిలాబాద్ జిల్లాలో గూడ అంజయ్య వంటివాళ్లు పుట్టారు. వాళ్ల దారి వేరు, వాళ్ల అవసరం వేరు. రెండు దారులూ ఈ నేలవే.

ఉర్దూ బడి ఆయనకు ఇచ్చిన మరో కానుక గజల్. రెండేసి పాదాల షేర్లు, వాటి చివర మళ్లీ మళ్లీ వచ్చే రదీఫ్, దాని ముందు కాఫియా, ఈ కట్టుబాట్లను చెడగొట్టకుండా తెలుగు గజళ్లు రాసి సభల్లో తానే గొంతెత్తి పాడేవారు. తెలుగులో గజల్‌కు దాశరథి పాదు తీస్తే సినారె పందిరి వేశారు. జ్ఞానపీఠం వచ్చిన ‘విశ్వంభర’ మాత్రం పాట కాదు. మనిషి నాయకుడుగా, ప్రకృతి రంగస్థలంగా నడిచే వచన కావ్యం. బహుమతి సంఘాలు పాటల్ని వదిలి కావ్యాన్ని ఎంచుకోవడం అప్పటి లోకరీతి. ఆ రీతి మారడానికి ఇంకో 28 ఏళ్లు పట్టింది.

ఆ రీతిని మార్చిన బాబ్ డిలన్ కథలో జులై 29 మళ్లీ వస్తుంది, 1966లో. దానికి ఒక ఏడాది ముందు, 1965లో అదే రోజున, లండన్ పెవిలియన్ థియేటర్‌లో బీటిల్స్ ‘హెల్ప్!’ సినిమా మొదటి ప్రదర్శన జరిగింది. రాకుమారి మార్గరెట్ హాజరైంది. ఆ సినిమాలో భారతీయ హోటల్ దృశ్యం ఒకటి ఉంది. దాని చిత్రీకరణకు తెచ్చిన సితార్‌ను బృందంలోని జార్జ్ హారిసన్ అక్కడే చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరులో బీటిల్స్ పాటలో సితార్ మోగింది. మరుసటి ఏడాది హారిసన్ రవిశంకర్‌ను కలిశాడు. కథలో నవ్వించడానికి పెట్టిన వాయిద్యం ఒక మనిషి జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ సినిమా పేరు పాట గురించి జాన్ లెనన్ తర్వాత ఒక సంగతి చెప్పాడు. హుషారుగా వినిపించే ఆ పాట నిజంగా తాను సాయం కోసం పెట్టిన మొర అని.

1966 జులై 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర బాబ్ డిలన్ ట్రయంఫ్ మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడు. అంబులెన్స్ రాలేదు, ఆస్పత్రిలో చేరలేదు. దెబ్బ ఎంత పెద్దదన్న చర్చ ఇప్పటికీ సాగుతోంది. ఫలితం మాత్రం స్పష్టం. గిటారుకు కరెంటు పెట్టినందుకు సభల్లో కేకలు తింటూ ఖండాలు తిరుగుతున్న 25 ఏళ్ల గాయకుడు ఒక్కసారిగా ఆగిపోయాడు. 1974 దాకా మళ్లీ పెద్ద యాత్ర చేయలేదు. 1967లో వుడ్‌స్టాక్ పరిసరాల్లో స్నేహితులతో కలిసి ఇంటి నేలమాళిగలో పాత జానపదాలు, కొత్త పాటలు రికార్డు చేసుకున్నాడు. ఆ ఏడాది చివర వచ్చిన ‘జాన్ వెస్లీ హార్డింగ్’లో మాటలు పొదుపుగా, నీతికథల్లా ఉన్నాయి. వెనక్కి, ఊరి పాట వైపు నడిచాకే డిలన్ గొంతు కుదుటపడింది.

1974లో ఇదే రోజున ‘మామాస్ అండ్ పాపాస్’ బృందానికి ఊపిరైన కాస్ ఇలియట్ లండన్‌లో గుండె ఆగి చనిపోయింది. 32 ఏళ్లు. పలేడియం థియేటర్‌లో రెండు వారాల కచేరీలు అప్పుడే ముగిశాయి. తింటున్న శాండ్‌విచ్ గొంతుకు అడ్డం పడి పోయిందని పత్రికలు రాశాయి. శవపరీక్షలో అది అబద్ధమని తేలింది. లావుగా ఉన్న స్త్రీ చావును కూడా హేళన చేసిన ఆ కథ దశాబ్దాలు బతకడం సిగ్గుపడాల్సిన విషయం. మనకు కూడా 1974 పాట మూగబోయిన ఏడాదే. ఫిబ్రవరి 11న ఘంటసాల వెళ్లిపోయారు.

2016 అక్టోబరు 13న డిలన్‌కు సాహిత్య నోబెల్ ప్రకటించినప్పుడు ప్రపంచమంతా వాదులాడుకుంది. పాట సాహిత్యమా అన్నది వాదం. తెలుగులో ఆ ప్రశ్నకు 1962లోనే జవాబు దొరికింది. అంతకు ముందు అన్నమయ్యను, క్షేత్రయ్యను కవులుగా చదువుకున్న భాష ఇది. బహుమతి సొమ్ము అందుకోవాలంటే ప్రదాన దినం నుంచి ఆరు నెలల్లో ఉపన్యాసం ఇవ్వాలన్న నియమం ఉంది. గడువుకు కొన్ని రోజుల ముందు, 2017 జూన్ 5న, డిలన్ ఉపన్యాసం బయటికొచ్చింది. పాటలు పుస్తకంలో చదవడానికి కావు, పాడటానికి అన్నది అందులో అతను పట్టుబట్టి చెప్పిన మాట.

సినారె ఏటా జులై 29న పుట్టినరోజు సభలో ఒక కొత్త పుస్తకం వెలువరించేవారు. 70 ఏళ్లు దాటాక ‘ప్రేమించు’, ‘సీతయ్య’ పాటలకు నంది అవార్డులు అందుకున్నారు. 77 ఏళ్ల వయసులో ‘అరుంధతి’కి రాశారు. డిలన్ ఉపన్యాసం వచ్చిన వారానికి, 2017 జూన్ 12న, హైదరాబాద్‌లో కన్నుమూశారు. 86 నిండటానికి అప్పటికి 47 రోజులున్నాయి.